కన్నీళ్లు సరే, బిల్లేదీ?

విజయవాడ ఏలూరు రోడ్డులో ఒక పుస్తకాల షాపు మూతబడితే చాలు, మర్నాటికల్లా ఆంధ్రదేశమంతా పాఠకులైపోతారు. ఆ కౌంటరు దగ్గర గడిపిన సాయంత్రాలు, అక్కడ మొదటిసారి కళ్లారా చూసిన రచయిత, కొత్త కాగితం వాసన అంటూ ఒకరి తర్వాత ఒకరు చెప్పుకుంటూ పోతారు. వాసన పీల్చినవాళ్లే అంతా. కొన్నవాళ్లెవరో మాత్రం తేలదు. చల్లపల్లిలో కూర్చున్న ఒక పల్లెటూరి పాఠకుడిగా వీళ్లందర్నీ ఒక్కటే అడగదల్చుకున్నాను. అయ్యా, ఆ షాపులో మీరు ఆఖరుసారి బిల్లు రాయించుకున్నది ఏ సంవత్సరం?

ఇది ముసలాడి చాదస్తం అనుకునేవాళ్లు అనుకోండి. ఆ రోడ్డు మీద ప్రేమ నాకూ ఉంది. పైగా నా ప్రేమకి బస్సు టిక్కెట్టు ఖర్చు అదనం. పాత దివి తాలూకాలోని మా ఊరి నుంచి పామర్రు, ఉయ్యూరు మీదుగా బెజవాడ చేరాలంటే సగం పూట పోయేది. ఆసుపత్రి పనో, పెళ్లి బట్టలో, ఇంజను విడిభాగమో ఏదో ఒక సాకు ఉండాలి. గవర్నరుపేట పాత బస్టాండులో దిగి, తిరుగు చార్జీ విడిగా మడిచి లోపలి జేబులో పెట్టుకుని, మిగిలినదాంతో ఏలూరు రోడ్డు మీద పడేవాళ్లం. ఏ షాపులో ముందు దూరాలన్నది పెద్ద సమస్య. మొదటి షాపులోనే డబ్బులైపోతే మిగతా షాపుల అద్దాల బయట నిలబడి చూడ్డమే.

విశాలాంధ్రలో సోవియట్ పుస్తకాలుండేవి. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి లాంటివాళ్లు మాస్కోలో ఉండి తెలుగు చేసినవి. గట్టి అట్ట, దారపు కుట్టు, రంగుల బొమ్మలు. ధర మాత్రం ఒక పూట హోటలు భోజనం కన్నా తక్కువ. 'నొప్పి డాక్టరు' చదవని పిల్లలు ఆ రోజుల్లో కృష్ణా జిల్లాలో చదువుకున్న ఇళ్లలో తక్కువే. నవోదయకి వెళ్తే బాపు అట్టలతో ముళ్ళపూడి పుస్తకాలు. అక్కడ కొనేవాళ్లకన్నా కూర్చునేవాళ్లు ఎక్కువ. బొందలపాటి శివరామకృష్ణ దేశి కవితామండలి పుణ్యమా అని శరత్‌బాబు బెంగాలీవాడన్న సంగతే మనవాళ్లు మర్చిపోయారు. అంతకు ముందు తరంలో గద్దె లింగయ్య ఆదర్శ గ్రంథమండలి. లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్లు సరేసరి. అక్కడ ఎవరి చేవ్రాలుతోనో, ఏ బడి ముద్రతోనో ఉన్న పుస్తకం మన చేతికి రావచ్చు. ఏ అల్మరా లోంచి, ఎవరు పోయాక బయటికొచ్చిందో అడక్కూడదు.

ఈ జాబితా చెప్పి కళ్లు తుడుచుకోవడం సులువు. అక్కడితో ఆగితే నేనూ ఆ ఏడ్పుల గుంపులో ఒకణ్ణి. కాబట్టి ఎవరికీ నచ్చని మాట ముందు చెప్పేస్తాను. మనల్ని చెడగొట్టినవాటిలో ఆ సోవియట్ ధర ఒకటి. ఆ పుస్తకాల అసలు ఖర్చు భరించింది మనం కాదు, ఒక పరాయి ప్రభుత్వం. 1991లో ఆ దేశం పోయింది, ఆ ధర పోయింది. పుస్తకమంటే చవగ్గా రావాలన్న మన అలవాటు మాత్రం పోలేదు. మూడొందల పేజీల తెలుగు పుస్తకం మీద 350 రూపాయలని ఉంటే ఇవాళ్టికీ గుండె బాదుకుంటాం. అదే రోజు సాయంత్రం నలుగురం కలిసి బిర్యానీకి దానికి మూడింతలు ఇచ్చి, రసీదు కూడా చూడకుండా బయటికొస్తాం.

షాపు లెక్క ఎప్పుడైనా వేశారా? 200 రూపాయల పుస్తకంలో షాపుకి మూడో వంతు మిగిలిందే అనుకోండి. 66 రూపాయలు. మీరు నవ్వుతూ "ఇరవై శాతం తగ్గించరా?" అన్నారు. 40 రూపాయలు పోయాయి. మిగిలిన 26లో ఏలూరు రోడ్డు అద్దె, కరెంటు, కుర్రాడి జీతం, చెదలు తిన్నవి, తడిసినవి, ఐదేళ్లయినా కదలనివి అన్నీ తేలాలి. బీసెంట్ రోడ్డులో చీర బేరమాడినట్టు పుస్తకం బేరమాడిన మహానుభావులే, ఆ షాపు మూతబడ్డాక పత్రికలకి వ్యాసాలు రాసేది.

బేరమాడేవాళ్లన్నా నయం. అసలు కొనడం నామోషీ అనుకునే వర్గం ఒకటుంది. తెలుగు సాహిత్యలోకం. ఆవిష్కరణ సభకి వెళ్లి చూడండి. వేదిక మీద పదిమంది, ఎదురుగా ఇరవైమంది, ఒక్కొక్కరికీ ఒక్కో శాలువా. ఆ శాలువా ఖరీదులో ఆవిష్కరించిన పుస్తకాలు రెండు వస్తాయి. సభ అయ్యాక బల్ల మీద పేర్చిన కాపీల దగ్గరికొచ్చి "నాకొకటి సంతకం పెట్టివ్వండి" అంటారు. ఇవ్వడమంటే ఉచితంగా. ఆ రచయిత పెన్షన్ డబ్బో, వాళ్లావిడ గాజులో పెట్టి 500 కాపీలు వేసుకుంటాడు. అందులో పెద్ద భాగం ఇలా పంచిపెడతాడు. పుచ్చుకున్నవాళ్లు చదవరు, ఎందుకంటే డబ్బు పెట్టలేదు. చదవరు కనక ఇంకొకరికి చెప్పరు. మిగిలిన కట్టలు షాపుకి చేరతాయి. ఆ పుస్తకం ఎవరికి కావాలో వాళ్లకి ముందే ఊరికే వచ్చేసింది. ఇక షాపువాడు ఎవరికి అమ్మాలి?

షాపులవాళ్లూ దేవుళ్లేం కాదు. అమ్మిన కాపీల లెక్క రచయితకి ఏళ్ల తరబడి చెప్పనివాళ్లున్నారు. డబ్బు అడిగితే మొహం చాటేసినవాళ్లున్నారు. నా చిన్న పుస్తకం ఒకటి అలాగే ఒక కొట్లోకి వెళ్లింది. తిరిగి కాపీలూ రాలేదు, రూపాయీ రాలేదు. అయినా ఆ కొట్టు బతికుంటే వెళ్లి దెబ్బలాడేవాణ్ణి. మూతబడ్డ షట్టరుతో దెబ్బలాడలేం కదా.

ఏలూరు రోడ్డు జ్ఞాపకాల్లో ఎప్పుడూ పేరు రాని షాపులు ఇంకొన్ని ఉన్నాయి. డెల్టాలో ప్రతి చిన్న పట్నంలోనూ ఉండిన అద్దె పుస్తకాల కొట్లు. సినిమా హాలు దగ్గరో, కిళ్లీ కొట్టు పక్కనో ఒక గది. రోజుకి ఇన్ని పైసలని అద్దె. యద్దనపూడి సులోచనారాణి నవల ఒక వీధిలో అడుగుపెడితే మధ్యాహ్నం భోజనాలయ్యాక చేతులు మారుతూ పది ఇళ్లు తిరిగి, అట్ట ఊడి, వెనక పేజీ పోయి మళ్లీ కొట్టుకి చేరేది. మా ఇళ్లలో ఆడవాళ్లు ఎన్నడూ ఏలూరు రోడ్డు చూడలేదు. కానీ ఆ రోడ్డులో కదిలిన నవలల్లో ఎన్నో అమ్ముడైంది వాళ్ల కోసమే, ఈ అద్దె కొట్ల కోసమే. ఆ డబ్బుతోనే ప్రచురణకర్తలు నష్టం వచ్చే కవిత్వం కూడా వేయగలిగారు. ఇవాళ సాహిత్య సభల్లో "ఆ చవకబారు నవలలు" అని మూతి విరిచేవాళ్లకి ఆ సంగతి తెలియదు. తెలిసినా ఒప్పుకోరు.

ఊళ్లు ఊరికే చదవలేదు, పుస్తకాన్ని పుట్టించాయి కూడా. 'మహాప్రస్థానం' మొదటి ముద్రణ 1950లో మచిలీపట్నం నుంచి వచ్చింది. వేసినవాడు నళినీకుమార్. మా ఊరికి బెజవాడ కన్నా బందరే దగ్గర. ఎమెస్కో పుట్టిందీ బందరులోనే. వీపీపీలో పోస్టుమేన్ చేత పల్లెటూరి గుమ్మంలోకి పాకెట్ పుస్తకాలు పంపిన సంస్థ అది. 1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయంలో చిలకమర్తి అధ్యక్షతన సభ జరిగి, ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. దాని వెనక తిరిగిన కాళ్లు అయ్యంకి వెంకటరమణయ్యవి. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా పశ్చిమ డెల్టా కాలవలో పడవ మీద పుస్తకాలేసుకుని రేవు రేవునా ఆపి ఇచ్చాడు. రోడ్డు లేని కాలంలో పుస్తకం నీళ్ల మీద వచ్చింది. ఇప్పుడు నాలుగు వరసల రోడ్లున్నాయి. వాటి మీద మా వైపు రావడానికి పుస్తకానికి మాత్రం దారి లేదట.

మా చల్లపల్లి సంగతి చెప్తాను. రాజా వారి కోట ఇప్పటికీ ఉంది. ఆ జమీందారీ మీద రైతుకూలీలు తిరగబడ్డ చరిత్రా ఉంది. కమ్యూనిస్టు నాయకుడు చండ్ర రాజేశ్వరరావు పుట్టింది ఈ చుట్టుపక్కలి మంగళాపురంలో. అప్పటివాళ్లలో సంతకం చేయడం రానివాళ్లు కూడా రాత్రిళ్లు లాంతరు చుట్టూ కూర్చుని, ఒకరు చదువుతుంటే విన్నారని పెద్దవాళ్లు చెప్పేవారు. ఇప్పుడు మా ఊళ్లో డిగ్రీ లేని ఇల్లు వెతకాలి. ఒక్క కథల పుస్తకం, ఒక్క కవిత్వం పుస్తకం డబ్బిచ్చి కొనుక్కుందామంటే షాపు లేదు. రికార్డు పుస్తకాలు, గైడ్లు, గ్రాఫు కాగితాలు, పుట్టినరోజు బుడగలు దొరుకుతాయి.

డబ్బు లేదా అంటే, ఉంది. వరి, చెరకు, మినుములు, రొయ్యల చెరువులు, డాలర్లు. ఆ డబ్బు ఎటు పోతోందో చూడాలంటే జూన్ నెలలో బెజవాడ చుట్టూ ఉన్న హాస్టళ్ల గేట్ల దగ్గర నిలబడండి. పదిహేనేళ్ల పిల్లని దించి, పరుపు చుట్ట దించి, ఫీజుతో పాటు "మెటీరియల్" బిల్లు కూడా నోరెత్తకుండా కట్టి వస్తాం. అక్కడ డిస్కౌంటు అడిగిన తండ్రిని నేను చూడలేదు. ఆ కాగితాల కట్టలు రెండేళ్లయ్యాక తూకానికి పోతాయి. తెల్లారకముందు మొదలై రాత్రి దాకా సాగే ఆ చదువులో తనకి తోచిన పుస్తకం తెరిచే గంట ఒక్కటీ లేదు. పద్దెనిమిదేళ్లకి అక్కణ్ణుంచి బయటపడ్డ పిల్లకి అచ్చు కాగితం చూస్తేనే వెలపరం. "ఈ తరం చదవదు" అని మనమే తీర్పు చెప్తాం. చదవకుండా లక్షలు పోసి కట్టడి చేయించింది ఎవరు?

ఆ తీర్పు కూడా అబద్ధమే. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్లి చూడండి. ఇరవై, ఇరవై రెండేళ్ల పిల్లలు ఫోనులో జాబితా రాసుకుని స్టాలు స్టాలుకీ తిరుగుతారు. ఛాయ, అన్వీక్షికి లాంటి కొత్త ప్రచురణ సంస్థలు నిలబడింది ఈ పిల్లల డబ్బుతోనే. మా తరం వెళ్లేది పరిచయస్థుల్ని పలకరించడానికి, మిరపకాయ బజ్జీలకి.

ఆ ఉత్సవానికైనా ఒక చోటంటూ ఉండాలా, వద్దా? ఏళ్ల తరబడి స్వరాజ్ మైదానంలో జరిగింది. ఇప్పుడక్కడ అంబేద్కర్ స్మృతివనం. 81 అడుగుల పీఠం మీద 125 అడుగుల విగ్రహం, 2024 జనవరి 19న ఆవిష్కరించారు. విగ్రహం మీద నాకు ఫిర్యాదు లేదు. యాభై వేలకు పైగా పుస్తకాలు కూడబెట్టి, వాటి కోసమే బొంబాయిలో రాజగృహ అనే ఇల్లు కట్టించుకున్న మనిషి ఆయన. అలాంటివాడి పేర పుస్తకాల పండగకి శాశ్వతంగా ఒక జాగా కేటాయించడం ఏ ప్రభుత్వానికీ తట్టలేదు. పండగ పాలిటెక్నిక్ కాలేజీ ఆవరణకి ఒక ఏడు, ఇందిరాగాంధీ స్టేడియానికి ఇంకో ఏడు మూటాముల్లె మోసుకుంటూ తిరుగుతోంది.

2025 జనవరి 2న ఆ స్టేడియంలో 35వ ఉత్సవాన్ని ప్రారంభించింది ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్. పుస్తకాల మీద ఆయన ఇష్టం అందరికీ తెలిసిందే, నటన అని నేననను. కానీ ఆయన పంచాయతీరాజ్ మంత్రి కూడా. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా మన దగ్గర వసూలు చేస్తున్నారు. ఆ పైసలు జిల్లా గ్రంథాలయ సంస్థకి చేరాలి. పంచాయతీలు, మునిసిపాలిటీలు వసూలు చేసుకుని సంస్థకి జమ చేయవన్నది పార్టీలు మారినా మారని ఫిర్యాదు. ఆ సొమ్ము సక్రమంగా చేరితే గ్రంథాలయాలు కొత్త పుస్తకాలు కొంటాయి. గ్రంథాలయాలు కొంటే ప్రచురణకర్త అచ్చేస్తాడు, షాపు బతుకుతుంది. ఏలూరు రోడ్డు మంచి రోజుల్లో వెనక నిలబడ్డవాటిలో ఈ కొనుగోళ్లూ ఒకటి. నవోదయలో మీరు కాఫీ తాగుతూ చర్చించిన అస్తిత్వవాదం ఒక్కటే ఆ షాపుల్ని నిలబెట్టలేదు. మంత్రిగారూ, రిబ్బను కత్తిరించడం మీ ఇష్టం. సెస్సు కట్టించడం మీ ఉద్యోగం.

మా సంగతి మరీ వింత. 2022లో జిల్లాలు చీల్చాక విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకి పోయింది, మేం బందరు కేంద్రంగా కృష్ణాలో మిగిలాం. పుస్తకాల షాపులున్న ఊరు ఒక జిల్లా, వాటికి పాఠకుల్ని పంపిన ఊళ్లు ఇంకో జిల్లా.

ఢిల్లీ వాటా కూడా చెప్పాలి. తపాలాశాఖ 2024 డిసెంబరు 18న రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ ఎత్తేసింది. చప్పుడు లేదు, ముందస్తు హెచ్చరిక లేదు. చిన్న ప్రచురణకర్తలు పొద్దున్నే కౌంటరుకి కట్టలు మోసుకెళ్తే "ఆ కేటగిరీ ఇప్పుడు లేదండీ" అన్నారు. గోల చేశాక 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ అని పెట్టారు, 300 గ్రాముల దాకా 20 రూపాయలు, ఐదు కిలోలకి 100. మంచిదే. పత్రికలకి మాత్రం అందులో చోటు లేదు. సాహిత్య మాసపత్రిక నడిపేవాడు ఏమైపోవాలి? పుస్తకం మీద జీఎస్టీ లేదని గొప్పగా చెప్తారు. కాగితం మీద ఉంది. పుస్తకానికి పన్ను లేదు కనక కాగితం మీద కట్టిన పన్ను ప్రచురణకర్తకి తిరిగి రాదు. ఆ భారం ధరలో కలుస్తుంది. ధర చూసి మనం గుండె బాదుకుంటాం.

ఫ్రాన్సులో 1981లో ఒక చట్టం చేశారు. పుస్తకం ధర ప్రచురణకర్త నిర్ణయిస్తాడు, ఎవరు అమ్మినా 5 శాతానికి మించి తగ్గించకూడదు. ఆన్‌లైన్ కంపెనీలు రవాణా ఉచితమని కొత్త దారి తొక్కితే, 2023 అక్టోబరు నుంచి 35 యూరోల లోపు ఆర్డరుకి కనీసం 3 యూరోలు రవాణా రుసుం తీసుకోవాల్సిందేనన్నారు. అక్కడివాళ్లకి మనకన్నా పుస్తకాల మీద భక్తి ఎక్కువ అనుకోను. సందు చివర షాపు బతకాలా వద్దా అన్నది ధరతో తేలుతుందని గ్రహించారు, చట్టం రాశారు. మన శాసనసభలో ఎన్ని రకాల రాయితీల గురించి అరుపులు వినలేదు? పుస్తకాల షాపు గురించి ఒక్క ప్రశ్న గుర్తుందా ఎవరికైనా?

ఇక "ఆన్‌లైన్లో అన్నీ దొరుకుతున్నాయిగా" అనే మేధావికి ఒక్క మాట. నాకు పేరు తెలిసిన పుస్తకం దొరుకుతుంది, నిజమే. నేనూ కొంటున్నాను. బెంగుళూరులో ప్రీమియర్ 2009లో పోయింది, బొంబాయిలో స్ట్రాండ్ 2018లో పోయింది. అవి ఇంగ్లీషు పుస్తకాల షాపులు, వాటిలో ఉన్నవి చాలావరకు ఇంకోచోట దొరుకుతాయి. తెలుగు అలా కాదు. బందరులో ఒకాయన సొంతంగా వేసుకున్న ఊరి చరిత్ర, తెనాలిలో ఒకావిడ వేసుకున్న కథల సంపుటి ఏ గిడ్డంగిలోనూ ఉండవు. అలాంటివి ఏలూరు రోడ్డు కౌంటరు మీద ఒక మూల పడుండేవి. "ఏం అబ్బాయ్, దివి తాలూకా అన్నావుగా, మీ వైపు మనిషే రాశాడు, చూడు" అని నా చేతిలో పెట్టిన పెద్దాయనకి నా సంగతి ఏ లెక్కల యంత్రమూ చెప్పలేదు. నా ఊరు ఆయనకి గుర్తుంది. ఆయన్ని నిలబెట్టుకోవడానికి మనం పెట్టాల్సిన ఖర్చు పుస్తకానికి 40 రూపాయల డిస్కౌంటు. అది వదులుకోలేకపోయాం.

మా ఊరికి ఏం చేతకాదని ఎవరూ అనుకోకండి. 2014 నవంబరు నుంచి చల్లపల్లిలో కార్యకర్తలు తెల్లవారుజామున లేచి చీపుళ్లు పట్టి రోడ్లూడుస్తున్నారు. ఈ పని మొదలుపెట్టిన డాక్టర్ దంపతుల్ని చూసి నాలుగు రోజుల ముచ్చటన్నారు. పదేళ్లు దాటింది. డ్రెయిన్లలో దిగి పూడిక తీసిన మనుషులకి ఒక గది అద్దెకి తీసుకుని మూడు అల్మరాలు పెట్టడం లెక్కా? విశాలాంధ్ర, ప్రజాశక్తి ఇంకా ఉన్నాయి, కొత్త సంస్థలున్నాయి, అమ్మినదానికి డబ్బు, అమ్మనిది వెనక్కి అంటే పుస్తకాలిస్తారు. అద్దె మాట నేను చూస్తాను. వారానికో సాయంత్రం కూర్చునేవాళ్లు కావాలి. ఉచిత కాపీలు ఉండవు, డిస్కౌంటు ఉండదు, ఆవిష్కరణ సభలకి గది ఇవ్వబడదు.

ఈలోగా చేయాల్సిన పని ఇంకోటుంది. గత ఐదేళ్లలో మా పంచాయతీ ఇంటి పన్నుతో కలిపి వసూలు చేసిన గ్రంథాలయ సెస్సు ఎంత, అందులో జిల్లా గ్రంథాలయ సంస్థకి కట్టింది ఎంత, బాకీ ఎంత అని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాశాను. గ్రామ స్థాయిలో దానికి రుసుం కూడా లేదు. ఒక తెల్ల కాగితం, సంతకం చాలు. సోమవారం ఇచ్చి రసీదు తీసుకుంటాను. అవనిగడ్డలో, ఘంటసాలలో, మొవ్వలో, కూచిపూడిలో ఉన్న పాఠకులు తమ తమ పంచాయతీల్లో ఇదే రాసివ్వండి. నమూనా కావాలంటే నా దగ్గర ఉంది.